కంప్యూటర్ సర్టిఫికేట్లు: గడువు చూసి చదవాలి

మద్దికెర మండలంలోనూ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లోనూ డిగ్రీ పూర్తిచేసి, గుంతకల్లు వెళ్ళి బెంగుళూరు, హైదరాబాదు రైళ్ళెక్కే యువతీయువకులు తక్కువేమీ కాదు. డిగ్రీకి తోడు ఒక కంప్యూటర్ సర్టిఫికేట్ ఉంటే ఉద్యోగం సులువవుతుందని వీరి ఆశ. ఆ ఆశ తప్పు కాదు. ఏ సర్టిఫికేట్ అన్న దగ్గరే చిక్కు వస్తోంది. ఏళ్ళ తరబడి పేరున్నదే మేలని కొందరు, కొత్తగా వచ్చిన ‘క్లౌడ్’ సర్టిఫికేట్ అయితేనే పని అవుతుందని మరికొందరు చెబుతారు. పత్తి అమ్మిన డబ్బో, సుగ్గికి వెళ్ళి కూడబెట్టిన కూలి డబ్బో ఫీజుగా కట్టే తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు.

పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. 1990లలో మన వాళ్ళు ఎగబడి చదివిన వాటిలో మైక్రోసాఫ్ట్ వారి ఎం.సి.ఎస్.ఇ. ఒకటి, సిస్కో వారి సి.సి.ఎన్.ఎ. మరొకటి. మొదటిదాన్ని ఆ కంపెనీయే 2021 జనవరి 31తో నిలిపివేసింది. 1998లో మొదలైన రెండవది 2020 ఫిబ్రవరిలో పాఠాలు మార్చుకుని నేటికీ నడుస్తోంది. ఒకే కాలపు రెండు సర్టిఫికేట్లలో ఒకటి ముగిసింది, ఒకటి నిలిచింది. కనుక శిక్షణ కేంద్రం వారి మాట మీద కాక, పరీక్ష పెట్టే కంపెనీ సొంత వెబ్‌సైటులో ఆ పరీక్ష ఇంకా ఉన్నదో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టాలి.

రెండవది గడువు. విత్తనం కొనేటప్పుడు సంచి మీద తేదీ చూడని రైతు లేడు. సర్టిఫికేటుకూ అదే లెక్క. టైపు పరీక్ష ఒకసారి పాసైతే జన్మంతా చెల్లుతుంది. సి.సి.ఎన్.ఎ.కు, అమెజాన్ క్లౌడ్ సర్టిఫికేట్లకు మూడేళ్ళే గడువు. మైక్రోసాఫ్ట్ కొత్త సర్టిఫికేట్లలో చాలావాటికి ఒక్క ఏడాదే. అయితే వాటిని ఏటా ఉచితంగా పొడిగించుకోవచ్చు. డిగ్రీ మొదటి సంవత్సరంలోనే ఇలాంటిది పాసైతే, ఉద్యోగానికి వెళ్ళే నాటికి గడువు తీరిపోవచ్చు. సి.సి.ఎన్.ఎ. పరీక్ష రుసుమే 300 డాలర్లు, అంటే పాతిక వేల రూపాయల పైమాట. తప్పితే మళ్ళీ కట్టవలసిందే.

మరి ఏం చేయాలి? ఎమ్మిగనూరు మగ్గం మీద అంచు డిజైను మారుతుంది గాని పడుగు, పేక మారవు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్కింగ్, లినక్స్, డేటాబేసు ఈ విద్యకు పడుగు, పేకలు. క్లౌడ్ అంటే దూరానున్న పెద్ద కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడుకోవడమే గనుక అక్కడా ఇవే పునాది. మొదటి రెండేళ్ళు వీటిని నేర్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ వెబ్‌సైటులో పాఠాలు ఉచితం. చివరి సంవత్సరంలో, చేరదలచిన ఉద్యోగానికి తగిన కొత్త సర్టిఫికేట్ ఒక్కటి చాలు. నాలుగైదు కాగితాలు పోగుచేయడం దండగ.

ప్రభుత్వ ఉద్యోగం కోరేవారి దారి వేరు. అక్కడ నోటిఫికేషన్‌లో ఏది అడిగితే అదే పనికొస్తుంది. ఐ.టి.ఐ.లోని ‘కోపా’, కేంద్ర సంస్థ నీలిట్ ఇచ్చే ‘ఓ లెవెల్’ వంటివి పాతవైనా అక్కడ విలువ ఉన్నవే.

ఈ సంగతులు పల్లె విద్యార్థికి చెప్పే బాధ్యత కళాశాలలది. ఆదోని, పత్తికొండ ప్రాంతాల కళాశాలలు ఏటా జూన్‌లో, ఏ పరీక్ష ఉన్నది, ఏది నిలిచిపోయింది, గడువెంత, రుసుమెంత అన్న పట్టికను నోటీసు బోర్డు మీద పెట్టాలి. దానికి అయ్యే ఖర్చు ఒక కాగితం. దానివల్ల ఏ కూలి ఇంటికో మిగిలేది ఒక సుగ్గి కష్టం.