తరుగు ఎవరిది?

"ఇవన్నీ స్క్రాప్ మేడమ్!"

ఈ మాట అన్నవాడు హనుమకొండలోని ఒక పెద్ద నగల దుకాణంలో, అద్దాల బల్ల వెనక టై కట్టుకుని కూర్చున్న కుర్రవాడు. అనిపించుకున్నది నేను కాదు, మా అమ్మమ్మ. ఆవిడ పోయి పదకొండేళ్లయింది గనుక ఆవిడ తరఫున వినవలసిన బాధ్యత నామీద పడింది. విన్నాను. విని, డబ్బా మూత పెట్టుకుని లేచి వచ్చేసి ఉంటే ఇవాళ ఈ నాలుగు ముక్కలూ రాసే అవసరం ఉండేది కాదు. విని, బుద్ధిగా తలూపాను. అదీ నేను చేసిన నేరం.

మూడేళ్ల కిందటి సంగతి. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. మెడకు కాస్త నిండుగా ఏదైనా ఉండాలని నా ఆరాటం. మా అమ్మ తన పెట్టెలోంచి తీసి ఇచ్చిన చిన్న తగరపు డబ్బా చేతిలో ఉంది. "పాత బంగారం తెండి, కొత్త నగ తీసుకెళ్లండి" అన్న బోర్డు ఎదురుగా ఉంది. ఆడదాని బుద్ధి తూకానికి పడిపోవడానికి ఇంకేం కావాలి చెప్పండి?

ఆ డబ్బాలో ఉన్నవి మూడే మూడు. ఒకటి, మా అమ్మ పసిపిల్లగా ఉన్నప్పుడు మొలతాడుకు కట్టిన వెండి సిగ్గుబిళ్ళ. రెండోది, అంగుళం పొడుగైనా లేని వెండి తాయెత్తు. మూడోది బంగారు బిళ్ళ. దాన్ని గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి.

మా అమ్మమ్మది బచ్చన్నపేట. ఇప్పుడంటే జనగామ జిల్లా అంటున్నాం గాని, 2016 వరకూ వరంగల్ జిల్లాయే. మా తాతకు అమ్మమ్మ రెండో పెళ్లాం. మొదటావిడ పురిట్లో పోయింది, చేతిలోకి మగపిల్లవాణ్ణి ఇచ్చి. ఆ రోజుల్లో మొదటి భార్య పోయిన ఇంటికి కోడలుగా వచ్చిన పిల్ల మెడలో, పుస్తెలతో పాటు సవతి పేరున కూడా ఒక బిళ్ళ కట్టేవారు. పోయినావిడ వచ్చి పీడిస్తుందని భయం. ఆ బిళ్ళనే ఆవిడగా భావించి, పండక్కీ పబ్బానికీ పసుపు కుంకుమ పెట్టడం ఆచారం.

ఆ బిళ్ళ చేసింది ఊళ్ళో అవుసలి తాత. అరుగు మీద బొగ్గుల కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, దాగలి, తూకానికి గురిగింజలు... అదే ఆయన దుకాణం, అదే షోరూము. గోరంత బంగారాన్ని రేకుగా సాగగొట్టి, రెండు కళ్ళు, ఒక నోరు గీసి, ముక్కు దగ్గరకొచ్చేసరికి ఇసుక రేణువంత గుండు ఒకటి అతికాడట. ఇదెందుకని అడిగితే, "పెద్దామె ముక్కుపుల్ల లేంది మంచినీళ్లు గూడ తాగకపోయేది" అన్నాడట. మజూరి రెండు కుంచాల జొన్నలు.

అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒక మాట అనేది. "ఆమె పీడిస్తదని నాకు కట్టిండ్రు బిడ్డా. ఆమె ఇడిశిపెట్టి పోయిన పిల్లగాణ్ణి నేను సాదుతున్న గద, ఆమె నన్నెందుకు పీడిస్తది?"

భయంతో కట్టిన బిళ్ళ. అరవై ఏళ్లు ఆ మెడలో ఉండి భయాన్ని పోగొట్టుకుంది. చివరికి అది ఇద్దరాడవాళ్ల మధ్య ఒప్పందం అయింది. ఒకరు కన్నారు, ఒకరు పెంచారు.

తూకంలో అది గ్రాముకు కొంచెం తక్కువ తూగింది. కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. అతుకులో టంకం ఉందట, మురికి ఉందట, కరిగిస్తే ఇంకా తగ్గుతుందట. నా ఎదురుగానే మూసలో వేశారు. ఆ ముక్కుపుల్ల ఎప్పుడు కరిగిందో నేను చూడలేదు. అప్పుడు నేను కేటలాగు తిరగేస్తున్నాను.

అసలు వింత ఇప్పుడు వినండి. అదే బల్ల మీద, ఆ పక్క ట్రేలో "యాంటిక్ కలెక్షన్" ఉంది. మొన్న మొన్న మిషనులో అచ్చుగుద్ది, నల్లగా మెరుగు పెట్టి, పాతదానిలా కనిపించేట్టు తయారుచేసిన కొత్త నగలు. వాటికి నూటికి 15 చొప్పున తరుగు. నిజంగా పాతదైన మా అమ్మమ్మ బిళ్ళ స్క్రాపు, పాతదానిలా నటించే కొత్త నగ యాంటిక్కు! నేను రెండోదాన్ని కొనుక్కుని, మొదటిదాన్ని ఇచ్చి, క్యాలెండరు కూడా పుచ్చుకుని సంతోషంగా ఇంటికొచ్చాను.

అందుకని దుకాణాల వాళ్లను తిట్టిపోయబోతున్నానని అనుకోకండి. వాళ్లు బోర్డు మీద ఏం రాశారో అదే చేశారు. నా తగాదా మనతోనే. అవును, ఈ పేజీ చదువుతున్న మీతోనూ, రాస్తున్న నాతోనూ.

అవుసలివాడు కన్నతల్లి నగలోనైనా ఇంత తియ్యకుండా ఉండలేడని మన పెద్దలు సామెతే కట్టారు. తరతరాలుగా ఒక కులం కులాన్నే దొంగల కింద జమకట్టి నవ్వుకున్నాం. ఆయన కుంపటి ముందు కాపలా కూర్చుని, గురిగింజ తూకంలో గురిగింజ తగ్గితే ఊరంతా చెప్పుకున్నాం. అదే మనం, ఏసీ గదిలో కూల్‌డ్రింకు తాగుతూ, బిల్లు మీద అచ్చువేసిన తరుగుకు మాత్రం నోరెత్తం. అరుగు మీద పోయింది దొంగతనం, అద్దాల గదిలో పోయింది వ్యాపారం! ఇదెక్కడి న్యాయమండీ?

వాళ్లంతా సత్యహరిశ్చంద్రులని నేను అనడం లేదు. మోసపోయిన వాళ్లూ ఉన్నారు. హాల్‌మార్కు రావడం మంచిదే. 2021 జూన్ నుంచి మొదట 256 జిల్లాల్లో దాన్ని తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ నుంచి ప్రతి నగకూ అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల సంఖ్య ఉండాలన్నారు. ఎవరి చెమటో అయిన డబ్బుకు ఆ మాత్రం రక్షణ ఉండవలసిందే. కాని ఆ నిబంధనలోనే ఒక ముద్దొచ్చే మినహాయింపు ఉంది. 2 గ్రాముల లోపు వస్తువుకు హాల్‌మార్కు అక్కర్లేదు. ప్రభుత్వం ఏ లెక్కన పెట్టిందో గాని, నాకు మాత్రం అందులో పెద్ద నీతి కనిపించింది. పసిదాని ముక్కుపుల్ల, మనవడి మురుగుకు వేలాడే గుండు, సవతి పేరున కట్టిన బిళ్ళ... ఇవన్నీ ఆ 2 గ్రాముల లోపలివే. చట్టం కూడా తూకం వెయ్యకుండా వదిలేసినవాటిని మనం ఎగబడి తూకం వేయించుకుంటున్నాం!

చట్టం అవుసలివాళ్లను ఎప్పుడూ ఇలా కరుణించలేదులెండి. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లు మించిన నగ కొత్తగా చెయ్యరాదన్నారు. దేశంలో లక్షల కుంపట్లు ఒక్కసారిగా చల్లబడ్డాయి. 1968లో అది చట్టమే అయి, 1990లో గాని రద్దు కాలేదు. ఆ దెబ్బకు తట్టుకుని నిలబడిన కుంపట్లను ఆ తరవాత ఆర్పింది ఏ చట్టమూ కాదు. "రెడీమేడయితే చూసి తీసుకోవచ్చు వదినా" అన్న మన మాట.

మాట వరసకు పెంబర్తినే తీసుకోండి. జనగామ పక్కనే. అక్కడి ఇత్తడి పని చూసి మురిసిపోని వాళ్లుండరు. చేత్తో చేసిందంటే బేరమాడకుండా కొని హాల్లో పెట్టుకుంటాం, వచ్చిన చుట్టాలకు చూపించి గొప్పలు పోతాం. అలాంటి చేతిపనే అవుసలి వీధిలో ఉంటే, "మజూరి అంతా? ఏం ఎక్కువ చెప్తున్నవు?" అంటాం. గోడ మీది బొమ్మకున్న విలువ ఒంటి మీది బొమ్మకు లేకపోయింది.

ఇక్కడ ఒకరిద్దరు లేచి నిలబడతారని నాకు తెలుసు. "ఏమిటమ్మా, చదువుకున్నదానివి, తాయెత్తుల్నీ సవతి బిళ్ళల్నీ వెనకేసుకొస్తావా?" అని. తాయెత్తు కడితే జ్వరం తగ్గుతుందని నేను చెప్పను. పిల్లకు ఒళ్లు కాలితే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, టీకాలు వేళకు వేయించండి. పోయిన ఆడది దయ్యమై వస్తుందన్న నమ్మకం మూఢత్వమే, సందేహం లేదు. కాని ఆ మూఢత్వం చాటున ఒక మంచి పని జరిగింది. పోయిన మనిషి ఇంట్లోంచి పూర్తిగా తుడిచిపెట్టుకు పోకుండా ఒక గుర్తు మిగిలింది. నమ్మకాన్ని వదలండి, మనిషిని వదలకండి అంటున్నాను. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం. దిష్టి నమ్మకాలను ప్లాస్టిక్ పూసల్లో ఇంకా కొనుక్కుంటూనే ఉన్నాం, మనుషుల గుర్తుల్ని కరిగిస్తున్నాం.

ఇంకొకరు, "కష్టమొచ్చినప్పుడు ఆదుకోవడానికే గదా బంగారం" అంటారు. అక్షరాలా నిజం. వానలు ముఖం చాటేసిన ఏడు బచ్చన్నపేటలో ఎన్ని మెడలు బోసిపోయాయో మా అమ్మను అడగండి. పిల్లవాడి ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో, బోరు బావికో పుస్తెలతాడు కుదువ పెట్టిన ఆడదానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆమె నగ నగగానే పోయినా బతుకై తిరిగొచ్చింది. నేను మాట్లాడుతున్నది ఆమెను గురించి కాదు. ఆకలి లేకుండా అమ్ముకున్న నన్ను గురించి.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్మీడియట్. దాని చేతికి ఒక దారపు గాజు ఉంది. నాలుగు గాజుపూసలు, ఒక చిన్న గవ్వ, ఒక ఇత్తడి నక్షత్రం. స్నేహితురాలు హాస్టల్లో కూర్చుని స్వయంగా గుచ్చి ఇచ్చిందట. "ఇరవై రూపాయలు చెయ్యదు, తీసి పారెయ్" అన్నాను, నగల దుకాణం కుర్రవాడు నాలో దూరినట్టు. "గవ్వ మేమిద్దరం ఏరుకున్నదమ్మా" అంది. నోరు మూసుకున్నాను. అవుసలి తాత ముక్కుపుల్ల అతికిన బుద్ధీ, ఈ పిల్ల గవ్వ గుచ్చిన బుద్ధీ ఒకటే. ఎవరికోసం చేస్తున్నామో ఆ మనిషి తెలిసి చెయ్యడం. కేటలాగులో 4,000 డిజైన్లు ఉండవచ్చు. వాటిలో ఒక్కదానికైనా మనం ఎవరమో తెలుసా?

నిజానికి ఇది మన నేలకు కొత్త పాఠం కాదు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం తూకం వేసి ఇస్తాం. ఆ బంగారం ఏమిటి? బెల్లం! దసరా సాయంత్రం పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కే బంగారం ఏమిటి? జమ్మి ఆకు! బెల్లాన్నీ ఆకునీ బంగారం అనగలిగిన జాతి, బంగారాన్ని స్క్రాపు అంటే తలూపిందంటే సిగ్గుపడాలా వద్దా?

కాబట్టి అమ్మల్లారా, వదినల్లారా, ఉపన్యాసం చాలించి పనికొచ్చే మాట చెబుతాను. ఎక్స్ఛేంజికి వెళ్లే ముందు డబ్బాను బోర్లించి, చిన్నవాటిని పక్కకు తియ్యండి. అవి అమ్మితే వచ్చేదీ పెద్దగా లేదు, ఉంచుకుంటే పోయేదీ లేదు. ఒక్కోదానికీ చిన్న చీటీ కట్టండి. ఎవరిది, ఎవరు చేశారు, ఎందుకు చేయించారు. ఆ సంగతులు తెలిసినవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాయండి. రేపు మనవరాలికి ఏదైనా పెట్టాలనుకుంటే, ఒక్కటి, ఒకే ఒక్కటి, మీ ఊళ్ళో ఇంకా కుంపటి వెలిగే ఇల్లుంటే అక్కడ చేయించండి. పిల్లను వెంట తీసుకెళ్లండి. దానికి ఏమిష్టమో ఆయన్ను అడగనివ్వండి. మజూరి దగ్గర మాత్రం బేరమాడకండి.

నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. కిందటేడు సంక్రాంతికి బచ్చన్నపేట వెళ్తే పెద్దమామ పిలిచాడు. మా అమ్మమ్మ సాదిన పిల్లగాడు ఆయనే. డెబ్బై దాటాయి. చూపు కొంచెం తగ్గింది.

"అమ్మ బిళ్ళ నీ దగ్గరున్నదట గద బిడ్డా. ఒక్కపారి సూపియ్యి. మా అమ్మ ఫొటువ లేదు. మొకం ఎట్లుంటదో నాకు ఎర్క లేదు" అన్నాడు.

ఆయన కన్నతల్లికి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క బొమ్మ అది. రెండు చుక్కలు, ఒక గీత, ఇసుక రేణువంత ముక్కుపుల్ల.

"కరిగించిన మామా" అన్నాను. ఇంకెలా చెప్పాలో తోచలేదు.

చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత నా చెయ్యి తట్టి, "పోనియ్ తియ్యి. నీ బిడ్డ మెడల్నే ఉన్నది గద మా అమ్మ" అన్నాడు.

లేదు. ఆ నెక్లెసు అప్పటికే తయారై ట్రేలో ఉంది. కరిగిన బంగారం ఏ ఊరు పోయిందో, ఎవరి గాజులో కలిసిందో ఆ దుకాణం వాళ్లకే తెలియదు. ఆ మాట ఆయనతో చెప్పలేక తలూపాను, రెండోసారి.

బిల్లు ఇంకా బీరువాలో ఉంది. తరుగు ఎంతో అందులో పైసలతో సహా రాశారు. ఆయనకు పోయింది మాత్రం ఎక్కడా రాయలేదు.