వ్యవసాయ గ్రంథాలయాలు: పెరిగిన అందుబాటు, మారిన బాధ్యత

ఒకప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో పరిశోధనకు పూనుకొన్న విద్యార్థులు మొదట కార్డు కేటలాగును, ఆపై సారాంశ సంపుటాలను గాలించేవారు. కావలసిన వ్యాసం వేరొక గ్రంథాలయంలో ఉంటే, దాని నకలు తపాలాలో వచ్చేవరకు వారాల తరబడి నిరీక్షించేవారు. భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఆధ్వర్యంలో 2007లో ఏర్పడిన ‘సెరా’ కన్సార్టియం ఈ పరిస్థితిని మార్చింది. విడివిడిగా చందా చెల్లించలేని గ్రంథాలయాలకు సైతం పరిశోధన పత్రికలు ఒకే నెట్‌వర్క్ ద్వారా అందుబాటులోకి వచ్చాయి. తమ వద్ద లేని వ్యాసాన్ని మరొక సభ్య గ్రంథాలయం నుండి ఆన్‌లైన్‌లోనే కోరి తెప్పించుకొనే ఏర్పాటు కలిగింది.

అయితే, అందుబాటు పెరిగినంత మాత్రాన సమాచార నిర్వహణ సులభమైనదని భావించడం పొరపాటు. ముద్రిత పత్రికకు చందా ఆపినా పాత సంపుటాలు బీరువాలో నిలిచే ఉంటాయి. డిజిటల్ చందాలో గ్రంథాలయం కొనేది ప్రధానంగా చదువుకొనే అనుమతిని మాత్రమే. ఒప్పందంలో పాత సంచికలపై శాశ్వత హక్కు లేకపోతే, చందా ముగిసిన నాడు అవి కూడా దూరమవుతాయి. కనుక ఒప్పంద షరతుల పరిశీలన నేటి గ్రంథపాలకుల ముఖ్య విధులలో ఒకటి.

ఇంతకంటే గంభీరమైన సమస్య స్థానిక సమాచారానిది. నెట్‌వర్క్ తనలో చేర్చినదానినే అందించగలదు. ప్రాంతీయ పరిశోధనా స్థానాల వార్షిక నివేదికలు, తెలుగు కరపత్రాలు, క్షేత్ర ప్రయోగాల ఫలితాలు అంతర్జాతీయ పత్రికలలో అరుదుగా కనిపిస్తాయి. సిద్ధాంత గ్రంథాలకు, సంస్థల ప్రచురణలకు ‘కృషికోశ్’ నిక్షేపం ఉన్నది. కానీ ఫైలును చేర్చినంతనే పని పూర్తి కాదు. వరిలో సుడిదోమ ఉధృతిని రైతులు దోమపోటు అంటారు. శాస్త్ర గ్రంథాలలో ఆ పురుగు పేరు నీలపర్వత లూజెన్స్. ఈ మూడు పేర్లను అనుసంధానించకపోతే, ఒక పేరుతో వెదికినవారికి మిగిలిన రెండు పేర్లతో ఉన్న సమాచారం కనిపించకపోవచ్చు. స్కాన్ చేసిన తెలుగు పుట కూడా అక్షర రూపంలోకి మారనంతవరకు శోధనకు అందని చిత్రమే. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిర్వహిస్తున్న ‘అగ్రోవాక్’ పదకోశంలో తెలుగు పదాలకూ చోటు ఉన్నది. గ్రంథాలయాలు దానిని ఆధారంగా తీసుకొని, ప్రాంతీయ వాడుక పేర్లను జోడించవలసి ఉన్నది.

ఈ బాధ్యత గ్రంథపాలకులది మాత్రమే కాదు. రైతుల వాడుక, శాస్త్ర పరిభాష రెండూ ఎరిగినవారు విస్తరణ శాస్త్రవేత్తలు. ప్రతి ప్రయోగ నివేదికకు ప్రాంతం, నేల స్వభావం, రుతువు, పంట రకం, వాడుక పేర్లను జతచేసి నిక్షేపానికి అందించే పని వారితోనే మొదలు కావాలి. ఆశించిన ఫలితం ఇవ్వని ప్రయోగాలను కూడా ఇదే విధంగా భద్రపరచాలి. లేనియెడల, ఒకసారి విఫలమైన ప్రయోగమే మరొక తరం చేతిలో మళ్లీ మొదలవుతుంది. దానికి ప్రజాధనమూ, కొన్నిసార్లు రైతు పొలంలో ఒక పంటకాలమూ వెచ్చించవలసి వస్తుంది.