ప్లగ్గు నెంబరు చూడరు గాని, గ్యాసు మీద మోజు!

కేసముద్రం: సెల్‌ఫోన్ల పుణ్యమా అని కార్ల పందేల సినిమాలు, వీడియోలు ఊరూరా చేరాయి. డ్రైవరు ఒక మీట నొక్కగానే కారు ఒక్క ఉదుటున దూసుకుపోయే ఆ దృశ్యాల వెనుక ఉన్నది నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు. 2001లో వచ్చిన ‘ది ఫాస్ట్ అండ్ ద ఫ్యూరియస్’ అనే హాలీవుడ్ చిత్రం దీనికి ప్రపంచమంతటా ప్రచారం తెచ్చింది. పాత మారుతీకో, ఆల్టోకో అలాంటి సీసా ఒకటి బిగిస్తే ఎలా ఉంటుందన్న కుతూహలం కుర్రకారుకు కలగడంలో వింత లేదు. అయితే ఆ ఇంజనులో ఇప్పుడున్న ప్లగ్గు ఏ నెంబరుదని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మన వైపు గ్యాసు బండి అంటే ఎల్‌పీజీతోనో, సీఎన్‌జీతోనో నడిచేదని అర్థం. నైట్రస్ ఆ కోవలోది కాదు. అది ఇంధనం కాదు, దానంతట అది మండదు. నత్రజని, ప్రాణవాయువు కలిసిన పదార్థం అది. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని కనుగొన్నాడు. 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికా పళ్ల డాక్టరు నొప్పి తెలియకుండా పన్ను తీయడానికి వాడాడు. నవ్వించే గ్యాసు అనే పేరు దీనిదే. ఆపరేషన్ గదుల్లో ఇప్పటికీ మత్తుకు పనికివస్తున్నది. ఇంజన్లలోకి ఇది పెద్ద ఎత్తున వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. బాగా ఎత్తుకు పోయినప్పుడు గాలి పలచబడి విమానాల బలం తగ్గేది. ఆ లోటు పూడ్చడానికి జర్మన్లు ఈ వాయువును ఇంజన్లలోకి చిమ్మారు.

పనిచేసే తీరు తెలుసుకోవడానికి ఇంట్లో పొయ్యి చాలు. కట్టెలు ఎన్ని పెట్టినా గాలి ఆడకపోతే పొగే తప్ప మంట రాదు. ఊదుగొట్టంతో ఊదితే భగ్గుమంటుంది. మామూలు గాలిలో బరువు లెక్కన ప్రాణవాయువు 23 శాతం ఉంటే నైట్రస్‌లో 36 శాతం ఉంది. సిలిండరులో వేడి సుమారు 300 డిగ్రీలు దాటగానే నైట్రస్ విడిపోయి ఆ ప్రాణవాయువు బయటపడుతుంది. దాంతో ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు, ఎక్కువ బలం తీయవచ్చు. ఇక్కడ ‘ఎక్కువ పెట్రోలు’ అన్నదే ప్రాణం. అదనపు ప్రాణవాయువుకు తగినంత అదనపు పెట్రోలు అందకపోతే మంట విపరీతంగా వేడెక్కుతుంది. పిస్టన్ చేసేది అల్యూమినియంతో. అది కరగడానికి 600 డిగ్రీల దరిదాపు వేడి చాలు. మండే వాయువు వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి ఎప్పటికప్పుడు రింగుల ద్వారా, గోడల ద్వారా బయటికి పోతున్నది కాబట్టే పిస్టన్ బతుకుతున్నది. లెక్క తప్పితే దానికి చిల్లి పడటానికి ఎంతో సేపు పట్టదు.

మారుతీ 800 సంగతే చూద్దాం. 1983 డిసెంబరులో మొదటి కారు రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్ బండి అయితే 40 హార్స్‌పవరు కూడా లేదు. విదేశాల్లో నైట్రస్ కిట్లు అమ్మేవారు చిన్న మోతాదుగా చెప్పేది 50 హార్స్‌పవరు. అంటే చిన్న మోతాదు అనుకున్నదే ఈ ఇంజను మొత్తం బలం కంటే ఎక్కువ! కాడెద్దుల మీద ట్రాక్టరు నాగలి మోపినట్టే. పందెపు కార్లలో ఇది నిలబడుతున్నదంటే అక్కడ పిస్టన్లు, రాడ్లు, పెట్రోలు పంపు, క్లచ్చు అన్నీ మార్చి, ఇంజనును మళ్లీ కట్టిన తర్వాతే గ్యాసు బిగిస్తారు. అర్ధరాత్రి వేళ ఇంట్లో మనిషికి ఛాతీ నొప్పి వస్తే వరంగల్ ఎంజీఎంకు తీసుకుపోవలసిన కారు మీద ఈ ప్రయోగం చేయడం ఏపాటి తెలివో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

ఈ మొత్తం వ్యవహారంలో ప్లగ్గు పాత్రను తక్కువ అంచనా వేసేవారే ఎక్కువ. ప్లగ్గు అంటే నిప్పురవ్వ పుట్టించేది అనే అనుకుంటారు. దానికి మరో పని కూడా ఉంది. మంట దగ్గర ఉండే తన కొసలో చేరిన వేడిని ఇంజను హెడ్డులోకి సాగనంపడం. కొస కనీసం 450 డిగ్రీలన్నా ఉంటే తన మీద పేరుకునే మసిని తానే కాల్చుకుంటుంది. 850, 900 డిగ్రీలు దాటితే రవ్వ రాకముందే ఆ ఎర్రని కొసే పెట్రోలును అంటిస్తుంది. పిస్టన్ పైకి వస్తుండగానే నెత్తిన దెబ్బ పడినట్టు అవుతుంది. వేడిని త్వరగా వదిలేదాన్ని చల్ల ప్లగ్గు అని, ఆలస్యంగా వదిలేదాన్ని వేడి ప్లగ్గు అని అంటారు. నైట్రస్ బిగించేవారు కంపెనీ ప్లగ్గు తీసి ఒకటి రెండు మెట్లు చల్లది వేయడం ఇందుకే. ప్రతి 75 నుంచి 100 హార్స్‌పవరు పెంపుకు ఒక మెట్టు అన్నది వారి వాడుక లెక్క. గ్యాప్ కూడా తగ్గిస్తారు. సిలిండరులో ఒత్తిడి పెరిగినప్పుడు ఎడం ఎక్కువైతే రవ్వ దాటదు. రవ్వ పడే టైమింగును కూడా వెనక్కి జరుపుతారు. ఇవేవీ చేయకుండా సీసా ఒక్కటి బిగించేవాడు మెకానిక్కు కాదు, ఇంజనును బోరుకు పంపేవాడు.

నెంబర్ల విషయంలో ఒక పెద్ద తిరకాసు ఉంది. ఎన్‌జీకే ప్లగ్గుల మీద అంకె పెరిగే కొద్దీ చల్లది అవుతుంది. బాష్, ఛాంపియన్ కంపెనీల లెక్క దీనికి తలకిందులు, అంకె పెరిగితే వేడిది. 1951లో ఏర్పడి దశాబ్దాల పాటు మైకో పేరుతో మనకు ప్లగ్గులు అందించిన బెంగళూరు కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నది. ‘ఎన్‌జీకే లేదు, అదే నెంబరు బాష్ ఉంది, వేసుకో’ అని ఎవరైనా అంటే నమ్మరాదు. అంకె కలిసినా వేడి కలవదు. రెండు కంపెనీల పట్టిక చూసి సరిపోల్చవలసిందే. అంకె పక్కనుండే అక్షరాలకూ అర్థముంది. ఎన్‌జీకేలో ‘ఆర్’ అనే అక్షరం లోపల రెసిస్టర్ ఉన్నదని చెబుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 మోటారు సైకిళ్లలో పెట్రోలు చిమ్మే పని కంప్యూటరు చూస్తుంది. వాటికి రెసిస్టర్ లేని ప్లగ్గు వేస్తే ఆ కంప్యూటరు తికమకపడుతుంది. ఇక మర పొడవు ఎక్కువున్న ప్లగ్గు వేస్తే పిస్టన్ వచ్చి తగలవచ్చు. పొట్టిది వేస్తే హెడ్డులో మిగిలిన మరల నిండా మసి చేరి, తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు.

ఈ సమాచారమంతా బండితో ఇచ్చే పుస్తకంలో ఉంటుంది. కాని మనవాళ్లు కొనేవాటిలో చాలావరకు రెండో చేతి, మూడో చేతి కార్లు. చేతులు మారినప్పుడు పుస్తకం ఎక్కడో జారిపోతుంది. ఉన్నా అది ఎక్కువగా ఇంగ్లీషులోనే. కోట్ల కొద్దీ బండ్లు అమ్ముకునే కంపెనీలు ప్లగ్గు నెంబరు, గ్యాప్, ఆయిలు రకం అనే మూడు ముక్కలు బానెట్ కింద తెలుగులో ఒక రేకు మీద అచ్చువేసి అంటించలేవా? ఆ పని లేనందువల్ల భారమంతా రోడ్డు పక్క మెకానిక్కు మీద పడుతున్నది. అతను దుకాణంలో దొరికింది వేస్తాడు. దుకాణదారు డబ్బాలో ఉన్నది ఇస్తాడు. పేరున్న కంపెనీల ప్లగ్గులకు నకిలీలూ తిరుగుతున్నాయి.

ఇరీడియం ప్లగ్గు వేస్తే బలం పెరుగుతుందన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. ఆ లోహం గట్టిది, త్వరగా అరగదు కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది. మంచి స్థితిలో ఉన్న మామూలు ప్లగ్గుతో పోలిస్తే బలం పెరిగేది నామమాత్రం. తమాషా ఏమిటంటే ఎక్కువ ధర పెట్టిన ఆ సన్నని కొసనే నైట్రస్ ఇంజన్లవారు వద్దంటారు. అంత వేడికి సన్న తీగ ఆగదని వారి భయం. వారు ఏరుకునేది లావు కొస, పొట్టి కాలు ఉన్న మామూలు నికెల్ ప్లగ్గునే.

గ్యాసు సంగతికి మళ్లీ వస్తే, మన ఎండలకు సంబంధించిన మాట ఒకటి ఆ వీడియోల్లో వినిపించదు. సీసాలో నైట్రస్ ద్రవంగా ఉంటుంది. 36.4 డిగ్రీల వేడి దాటిందంటే ఎంత ఒత్తిడి పెట్టినా అది ద్రవంగా నిలవదు. ఆ హద్దు దగ్గరే సీసాలో ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 70 రెట్లు దాటి ఉంటుంది. అటుపైన వేడి పెరిగే కొద్దీ గబగబా పెరిగిపోతుంది. చల్లని దేశాలవారు సీసాకు దుప్పటి చుట్టి వేడి చేసుకుంటారు. ఇక్కడ మే నెలలో నీడనే 44, 45 డిగ్రీలు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఎంతుంటుందో చెప్పనక్కరలేదు. ఒత్తిడి మారితే ఇంజనులోకి వెళ్లే గ్యాసు మోతాదూ మారుతుంది. పొద్దున సరిగ్గా కుదిరిన లెక్క మధ్యాహ్నానికి తప్పుతుంది.

చట్టం కూడా దీనికి అడ్డమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆమోదం ఉన్న సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు వేరు. వాటిని రవాణా శాఖలో రాయించుకుని వాడుకోవచ్చు. వాటికి కూడా తగిన ప్లగ్గు, తగిన గ్యాప్ చూసుకోవాలి. గ్యాసును అంటించడానికి పెట్రోలు కంటే బలమైన రవ్వ కావాలి. వంటింటి సిలిండరును కారుకు తగిలించడం మాత్రం నేరం, పైగా ప్రాణాంతకం.

నైట్రస్ ఇక్కడి రోడ్ల మీదికి వచ్చినా రాకున్నా, ప్రాణవాయువు కలిసిన ఇంధనం ఇప్పటికే ప్రతి బంకుకు వచ్చింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. చెరుకు నుంచి, బియ్యం నుంచి, మన మార్కెట్ యార్డుకు వచ్చే మక్కల వంటి పంట నుంచి తీసే ఆ ఇథనాల్‌లో బరువులో 35 శాతం ప్రాణవాయువే. అంటే ఇంచుమించు నైట్రస్ అంత! కాకుంటే ఇథనాల్ ఆ మేరకు ముందే సగం కాలిన కట్టె లాంటిది, లీటరుకు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ శక్తి ఇస్తుంది. దీనికోసం తయారుకాని కార్లలో మైలేజీ 6, 7 శాతం, ద్విచక్ర వాహనాల్లో 3, 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న పిటిషన్‌ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాబట్టి పాత కార్బురేటర్ బండ్లవారు సర్దుకోవలసిందే. వాటిలో గాలి పాలు ఎక్కువై ప్లగ్గు కొస తెల్లబడే అవకాశముంది. అది చూసి చల్ల ప్లగ్గు వేయడం తొందరపాటు. ముందు కార్బురేటర్ సరిచేయించాలి. పవర్ స్ప్రేయర్ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మందు కొట్టడం అయిపోయాక ట్యాంకులో పెట్రోలు వదిలేస్తే మళ్లీ సీజనుకు స్టార్టు కాక రైతు తాడు లాగి లాగి అలసిపోతాడు.

ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను ఆరోగ్యం సగం తెలుస్తుంది. లేత గోధుమ లేక బూడిద రంగు ఉంటే సవ్యంగా ఉన్నట్టు. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, లేదా గాలి ఫిల్టరు మూసుకున్నట్టు. తడి నలుపు, నూనె జిడ్డు ఉంటే రింగులో, వాల్వు సీళ్లో పోయినట్టు. రెండు స్ట్రోకుల స్ప్రేయరులో అయితే ఆయిలు ఎక్కువ కలిపారేమో చూడాలి. తెల్లగా పొక్కులు లేస్తే వేడి మితిమీరినట్టు. దాని మీద మెరిసే సన్నని చుక్కలు కనబడితే బండి నడపడం వెంటనే ఆపాలి. అది పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. ట్రాక్టరు, డీజిలు పంపుసెట్టుకు ఈ బాధ లేదు. అవి ఒత్తిడి వేడితోనే మండుతాయి, రవ్వ ప్లగ్గే ఉండదు.

ప్లగ్గు విప్పే పని ఇంజను చల్లారాకే చేయాలి. హెడ్డు కూడా అల్యూమినియందే కాబట్టి వేడి మీద బలవంతం చేస్తే మర పోతుంది. కొత్తది మొదట చేత్తోనే తిప్పి, ఆనుకున్న తర్వాత పానాతో సుమారు అర చుట్టు బిగిస్తే సరిపోతుంది. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయిన నాటి వంటి వరదలో బండి మునిగితే కిక్కు కొట్టరాదు, సెల్ఫు నొక్కరాదు. సిలిండరులో చేరిన నీరు ఒత్తిడికి లొంగదు, రాడ్డు వంగిపోతుంది. ముందు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం గుండా నీటిని బయటికి పంపి, ఆయిలు మార్చాకే స్టార్టు చేయాలి.