ఇన్సులిన్‌కు ఊళ్లో చల్లని చోటేదీ?

రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో పట్నం నుంచి బస్సులో సంచిలో పెట్టుకుని తెచ్చిన ఇన్సులిన్ సీసా గతేమిటి? పల్లెల్లో చక్కెర వ్యాధిగ్రస్తులు ఎందరో ఉన్నారు. ఈ సంగతి పట్టించుకుంటున్నవారే తక్కువ.

ఇన్సులిన్ పెప్టైడు జాతి మందు. 51 అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన రెండు దండలు అది. మింగితే పప్పు, గుడ్డు అరిగినట్టే కడుపులో అరిగిపోతుంది. అందుకే సూదితో తీసుకోవాలి. అతిగా వేడి తగిలితే దాని సత్తువ క్రమంగా తగ్గుతుంది. సీసా మాత్రం చూడటానికి మామూలుగానే ఉండవచ్చు. రోగి వేళ తప్పకుండా సూది వేసుకుంటాడు, చక్కెర దిగదు. తిండి అదుపులో లేదని ఇంట్లోవాళ్లు అతణ్నే తిడతారు.

1922 జనవరిలో కెనడాలోని టొరాంటోలో 14 ఏళ్ల బాలుడికి తొలిసారి ఈ మందు ఇచ్చారు. 1923లో పేటెంటు హక్కులను తలా ఒక్క డాలరుకే అక్కడి విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అప్పట్లో పశువుల, పందుల క్లోమం నుంచి మందు తీసేవారు. సూక్ష్మజీవుల చేత తయారుచేయించిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికా అనుమతిచ్చింది. తర్వాత భోజనం వేళకు చప్పున పనిచేసే రకాలు, రోజంతా పనిచేసే రకాలు వచ్చాయి. మందు ఎంత మెరుగుపడినా, దాన్ని చల్లగా దాచుకోవాల్సిన బాధ మాత్రం రోగికి తప్పలేదు.

మూత తీయని సీసాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిన మందు వాడరాదు. వాడుతున్న సీసాను ఎండ తగలకుండా ఉంచి, సుమారు నెలలోపు ముగించాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, నడుమ తడి ఇసుక పోసి, సీసాను నీరు చేరని కవరులో చుట్టి అందులో ఉంచుకోవచ్చు.

అయితే భారమంతా కుండ మీదే వేయడం న్యాయం కాదు. పోలియో చుక్కలను పల్లెపల్లెకూ చల్లగా చేర్చి, 2014లో పోలియో రహిత దేశమనిపించుకున్నాం. అంటే చేతగాని పని కాదు. టీకాల పెట్టెతో ముడిపెట్టకుండా, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇన్సులిన్‌కు విడిగా ఫ్రిజ్ పెట్టాలి. కరెంటు పోయినా అది చల్లగా ఉండే ఏర్పాటు కావాలి. రోగి నెలకొక సీసా ఊరి దాపునే తీసుకోగలగాలి. వేసవి ముదరకముందే అధికారులు ఈ పని చేయాలి.