గురక ఆపరేషన్: ఎవరికి పనికొస్తుంది, ఎవరు డబ్బిస్తారు?

2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహిరి ముంబయిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన ‘అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా’ అన్న మాట చాలామందికి కొత్త. నిద్రలో గొంతు కండరాలు సడలి, గాలి వెళ్లే దారి మూసుకుపోయి, ఊపిరి పదే పదే ఆగిపోవడమే ఈ జబ్బు. ఇంట్లోవాళ్లకు మాత్రం అది గురకగానే వినిపిస్తుంది. దేశంలో పది కోట్ల మందికి పైగా ఈ సమస్య ఉందని ఎయిమ్స్ పరిశోధకులు 2023లో అంచనా వేశారు.

దీనికి రెండు చికిత్సలు 1981లోనే వెలుగు చూశాయి. ముక్కుకు మాస్కు పెట్టి, గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రాన్ని ఆస్ట్రేలియాలో కాలిన్ సలివాన్ బృందం పరిచయం చేసింది. కొండనాలుకను, అంగిలి వెనుక మెత్తటి భాగాన్ని కత్తిరించే ఆపరేషన్ గురించి అమెరికాలో షిరో ఫుజిటా బృందం రాసింది. యంత్రం పెట్టుకున్నంతసేపే పనిచేస్తుంది. రోజూ మాస్కుతో పడుకోవడం కష్టమని మధ్యలో వదిలేసేవాళ్లు ఎందరో. అందుకే ‘ఒక్కసారి కోయించుకుంటే పోతుంది’ అన్న మాటకు అంత ఆకర్షణ.

ఆ మాట పూర్తిగా నిజం కాదు. 1996లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ఫుజిటా తరహా ఆపరేషన్ ఫలించింది సుమారు 40 శాతం మందిలోనే. కారణం సులువుగానే అర్థమవుతుంది: నాలుక మొదలు దగ్గర దారి మూసుకుపోయే మనిషికి అంగిలి కోస్తే ఏం లాభం? ఇప్పుడు మత్తిచ్చి నిద్రపుచ్చి, కెమెరా గొట్టంతో అడ్డు ఎక్కడుందో చూస్తున్నారు. సీప్యాప్ కుదరని 102 మందిపై ఆస్ట్రేలియాలో జరిగిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. అంగిలితో పాటు నాలుకకూ ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఊపిరి ఆగడం, తగ్గడం గంటకు సగటున 48 సార్ల నుంచి 21కి దిగింది. ఆపరేషన్ లేకుండా వైద్యం పొందినవారిలో 45 నుంచి 35కి. ఊరట పెద్దదే, కానీ 15 దాటితే ఇంకా మధ్యస్థాయి జబ్బే. దవడను ముందుకు జరిపే ఆపరేషన్ ఇంతకంటే మెరుగు, అయితే అది చాలా పెద్దది. పిల్లల సంగతి వేరు. టాన్సిల్స్, అడినాయిడ్స్ వాచినవారికి వాటిని తీయడమే మామూలుగా మొదటి చికిత్స.

మన దగ్గర ఈ నిర్ణయంలోకి బీమా కూడా దూరుతుంది. పాలసీలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే డబ్బిస్తాయి. ఇంట్లో ఏళ్ల తరబడి వాడాల్సిన యంత్రానికి చాలా పాలసీల్లో పైసా రాదు. స్థూలకాయ ఆపరేషన్ల విషయంలో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు తీవ్ర స్లీప్ ఆప్నియాను అర్హతగా గుర్తిస్తాయి. ఆపరేషన్‌కు పనికొచ్చే జబ్బు తీవ్రత యంత్రం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనికిరాదు? జేబులోంచి వేలు పెట్టి యంత్రం కొనాలా, క్లెయిమ్‌తో ఆపరేషన్ చేయించుకోవాలా అన్న బేరం రోగి ముందుకు వస్తోంది. అందులో వైద్యం పాలు తక్కువ.

ఆపరేషన్ మాట వస్తే డాక్టర్‌ను అడగాల్సినవి ఉన్నాయి. స్లీప్ స్టడీ చేశారా, అడ్డు ఎక్కడుందో చూశారా, సీప్యాప్‌ను సరైన మాస్కుతో కొన్ని వారాలైనా ప్రయత్నించామా, కొన్ని నెలల తర్వాత మళ్లీ స్లీప్ స్టడీ చేస్తారా? చివరిది చాలామంది మరచిపోతారు. గురక తగ్గినంత మాత్రాన ఊపిరి ఆగడం తగ్గినట్టు కాదు.