టూర్ అంటే సముద్రమేనా?



హాస్టల్లో టూర్ మాట రాంగనే అందరి నోటా వైజాగే. బీచ్ ఒడ్డున పెట్టిన కురుసుర జలాంతర్గామిలోకి పోవాలె, ఫొటో దిగాలె. తప్పు లేదు, అది చూడాల్సిందే. కానీ మెదక్‌లో చదువుకుంటూ మెదక్‌నే సరిగ్గ చూడనోళ్లం మనలో ఎంతమందిమి?

మొన్న ఆదివారం మేం కొంతమందిమి సద్ది కట్టుకొని బయలెల్లినం. పొద్దుగాల ఖిల్లా ఎక్కినం. దర్వాజ మీద రెండు తలల గండభేరుండ పక్షిని, లోపల పాత ఫిరంగిని చూసినం. మధ్యాహ్నం చర్చికి పోయినం. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన చర్చి అది. రంగుటద్దాల బొమ్మలు పగటి వెలుగులో, లోపలి నుంచి చూస్తేనే కనబడతయి.

"దీన్ని కట్టిందెవరు?" అని మాలో ఒకరు అడిగిన్రు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర అని అందరం చెప్పినం. కానీ రాళ్లు మోసింది కరువులో తిండి కోసం వచ్చిన కూలోళ్లు. వాళ్లల్ల ఒక్కరి పేరు కూడా మాకు తెల్వదు. ఉపాధి హామీ పనిని మన అమ్మలు ఇప్పటికీ "కరువు పని" అనే అంటరు కదా! అది యాదికొచ్చి మేం కాసేపు మాట్లాడలేదు.

అందుకే మా అభిప్రాయం ఇది. సముద్రానికి తప్పక పోదాం. దానికంటే ముందు, సెలవులకు తండాకు, గూడేనికి పోయినప్పుడు తాతలను, అవ్వలను అడుగుదాం. ఏ చెరువు కట్టకు మట్టి మోసిన్రు, ఏ రోడ్డుకు కంకర కొట్టిన్రు? పేర్లతో సహా రాసుకుందాం. మనం రాయకపోతే ఇంకెవరు రాస్తరు?