అక్కను ఎవరు కాపాడాలి?

ఆదివారం మధ్యాహ్నం ఒక్క సెల్‌ఫోన్ చుట్టూ ఆరుగురం చేరి కామిక్స్ చదివిన రోజులు మాకింకా గుర్తున్నాయి. మాలో సూర్యాపేట వాళ్ళున్నారు, కోదాడ వాళ్ళున్నారు, మిర్యాలగూడ వాళ్ళున్నారు. నల్లబట్టలు వేసుకున్న ఒక అమ్మాయి గోడ దూకి, పదిమందిని పడగొట్టి, బందీగా ఉన్న తనవాళ్ళను విడిపించుకుపోతుంటే ఈలలు వేశాం. వార్డెన్ సారు కేకేసేదాకా ఆపలేదు.

ఆ కామిక్స్ చెడ్డవని చెప్పడం మా ఉద్దేశం కాదు. 1964లో మార్వెల్ కామిక్స్‌లో గూఢచారిగా వచ్చిన బ్లాక్ విడో, 2021 నాటి సినిమాలో చెల్లెలితో కలిసి, చిన్నప్పుడు తమకు తండ్రి స్థానంలో ఉన్న మనిషిని జైలు నుంచి తప్పిస్తుంది. 1981లో ఫ్రాంక్ మిల్లర్ సృష్టించిన ఎలెక్ట్రా, తండ్రి చనిపోయాక కిరాయి హంతకురాలవుతుంది. హీరో వచ్చి కాపాడేదాకా హీరోయిన్ ఏడుస్తూ కూర్చునే కథలకంటే ఇవి నయమే. మా అభ్యంతరం ఒక్కటే. చంపగలిగితేనే ఆడపిల్లకు ధైర్యం ఉన్నట్టు ఇవి మనకు అలవాటు చేస్తున్నాయి.

మన సూర్యాపేట జిల్లా కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం కూడా తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టారు. ఆమెను పట్టిస్తే పదివేల రూపాయలు ఇస్తామని ప్రకటించారు. కానీ ఆమె పోరాడింది సొంత ఇంటి కోసం కాదు. పుట్టింది భూస్వామి ఇంట్లోనే అయినా కూలీల పక్షాన నిలబడ్డారు. తరువాత తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో గెలిచి శాసనసభలో మాట్లాడారు. 2022 మార్చి 19న కన్నుమూశారు. తుపాకి లేనప్పుడు కూడా ఆమె ధైర్యం తగ్గలేదు.

ఇక మన ఇళ్ళ సంగతికి వద్దాం. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీ చదివినవాళ్ళం. మేము హాస్టల్‌లో చేరాక అక్కలు బడి మానేశారు. నాట్లు వేశారు, పత్తి ఏరారు. హాస్టల్ అన్నం పెట్టింది నిజమే. బస్సు చార్జీలు, దరఖాస్తు ఫీజులు మాత్రం అక్కల కూలి డబ్బుల్లోంచే వచ్చాయి. మమ్మల్ని విడిపించింది వాళ్ళు. కత్తి లేదు కాబట్టి మేము ఈల వేయలేదు. పైగా "ఆడపిల్లకు ఇంకా చదువెందుకు" అని ఇంట్లో అన్న రోజు మేమూ తలవంచుకుని ఊరుకున్నాం. ఆ మౌనానికి ఇవాళ సిగ్గుపడుతున్నాం.

తమ్ముళ్ళారా, మీరు ఊరుకోవద్దు. పద్దెనిమిదేళ్ళు నిండని చెల్లెలికి సంబంధం చూస్తుంటే అడ్డుచెప్పండి. మాట వినకపోతే 1098కి ఫోన్ చేయండి. అన్నలారా, ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్క అక్కను ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికో ఇంటర్‌కో చేర్పించండి. పెళ్ళయిందనీ, పిల్లలున్నారనీ వెనక్కి తగ్గనక్కరలేదు. పరీక్ష ఫీజు మనం కడదాం. చదువుకునే గంటసేపు ఆమె ఇంటిపని ఎవరు చేయాలో కూడా బావతో మనమే మాట్లాడదాం.

వచ్చే వార్షికోత్సవానికి ఈ సంచికలో ఆ అక్కల మార్కులు అచ్చువేయాలని మా కోరిక.